సూదులు తీసిన చోటు

ఏప్రిల్ 6

అక్కకి,

నువ్వు ఈ ఉత్తరం విప్పేలోపే నేను పంపిన సీసా మీ ల్యాబుకి చేరిపోయి ఉంటుంది. దాని మీద మన ఇంటిపేరు చూసి గుండె గుభేలుమని ఉంటుంది నీకు. లోపల ఉన్నది నాది కాదు, దొరది. నువ్వు "మీ కుక్క" అంటావే, వాడిది.

ముందే చెప్పలేదని తిట్టకు. చలి తగ్గుతున్న రోజుల్లో వాడి వెనక ఎడమ తొడ నిమురుతుంటే చేతికి గోలీకాయంత గడ్డ తగిలింది. ఏ ముల్లో గుచ్చుకుందిలే అనుకున్నాను. ముల్లు కాదు. మా ఊరికి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరమ్మ సూదితో చూసి, క్యాన్సర్ అని కాగితం మీద రాసి చూపించింది. నాకు చెవులు పోయాక ఎంతోమంది ఎన్నో మాటలు రాసి చూపించారు. ఇంత చిన్న అక్షరాలతో ఎవరూ రాయలేదు.

నిన్న పొద్దున తీసేసింది. గడ్డతో పాటు చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చోటు కూడా కలిపి కోశానంది. ల్యాబులో ఆ మంచి చోటు కొలుస్తారట. సరిపడా ఉంటే ఇంతటితో గండం గడిచినట్టే. తక్కువైతే గడ్డ వేర్లు ఇంకా కాల్లో మిగిలి ఉండొచ్చు. మళ్ళీ కోయడానికి అక్కడ చర్మం చాలదు కాబట్టి కాలే తీసేయాలట. అక్కడ కొలిచేది మా అక్కే, ఇరవై రెండేళ్ళుగా అదే పని అని రాసి చూపించాను. "అయితే ఇంకేం, మంచి చేతుల్లో పడింది" అని నవ్వింది. పోస్టాఫీసు నా దుకాణం దారిలోనే కాబట్టి సీసా నా చేతికే ఇచ్చింది.

నా సంగతి నీకు తెలుసు. డోళ్ళు బాగుచేసి బాగుచేసి చెవులు ఆ డోళ్ళకే ఇచ్చేశాను. ఇప్పుడు ఈ దుకాణం చెక్క నేలే నాకు చెవి. దొర నడిస్తే నా అరికాళ్ళకి తెలుస్తుంది. నాలుగు దెబ్బలు, మళ్ళీ నాలుగు. ఎవరైనా తలుపు తడితే పరుగున వచ్చి నా కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరుగుతాడు. ఇవాళ కట్టుతో మూడు కాళ్ళ మీదే కుంటుతున్నాడు. ఆ మూడు దెబ్బలకి ఎవరో కొత్తవాళ్ళు ఇంట్లో తిరుగుతున్నట్టుంది.

మధ్యాహ్నం కుర్చీలో కునుకు పట్టింది. కలలో నాకు వినిపిస్తోంది. వాన మొదలవుతోంది, ప్రతి చినుకూ ఒక్కో డోలు మీద పడుతోంది. వానలో ఎక్కడో దొర మొరుగుతున్నాడు. వాడి గొంతు ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు కదా, అయినా అది వాడిదేనని తెలిసిపోయింది.

త్వరగా కొలువు. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 13

ఒరేయ్,

చెప్పకుండా దాచినందుకు నీ వీపు మోగించాలి. మోగినా నీకు వినపడదు, అదొక్కటే నీ అదృష్టం.

సీసా వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. కొలిచాక తిందామనుకున్నాను. కిటికీ పక్కన బల్ల మీద తెల్ల పలక వేసి, దొర తాలూకు ముక్కని దాని మీద పెట్టాను. రోజుకి ఇరవై ముక్కలు ఒక్కసారితో కొలిచి పక్కన పెడతాను. దీన్ని అలా పెట్టలేకపోయాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ కొలిచాను. కాసేపు బయట తిరిగొచ్చి మూడోసారి కొలిచాను.

గడ్డ పద్నాలుగు మిల్లీమీటర్లు. చుట్టూ మంచి చోటు, అన్నిటికన్నా సన్నగా ఉన్న వైపు, పదకొండు. రెండు సెంటీమీటర్లు అంటే ఇరవై ఉండాలి కదరా. ఇలాంటి గడ్డకి పదిహేను కూడా లేకపోతే మా పెద్ద డాక్టరు "చాలదు" అనే రాస్తారు. అలాగే రాశారు.

మీ డాక్టరమ్మ కొత్తదన్నావు. కోసిన చెయ్యి పిసినారి చెయ్యి. పైగా ముక్క అంచులు వంకర తిరిగిపోయి ఉన్నాయి. పెంపుడు జీవాన్ని ఒకరు నమ్మి చేతిలో పెట్టినప్పుడు లెక్క తెలియకపోతే పెద్దవాళ్ళని అడగాలి. వెళ్ళి గట్టిగా అడుగు. నోరు లేనివాళ్ళ తరఫున మనమే అడగాలి.

కాలు విషయం ఆలస్యం చెయ్యొద్దు. నాకు ఏడుపొస్తోంది, కానీ కొలత కొలతే. బావ నిన్ను అడిగానన్నారు. దొరకి ఏదైనా మంచి ఎముక కొనిపెట్టమన్నారు, ఈయనకి అంతకంటే ఓదార్పు మాటలు రావు.

అక్క


ఏప్రిల్ 19

అక్కకి,

అడిగాను. గట్టిగానే అడిగానట. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలీదు, కానీ బయట బల్ల మీద పిల్లుల్ని పట్టుకుని కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. రెండు వేళ్ళు చూపించింది, రెండు సెంటీమీటర్లే వదిలాను అని. చీటీ మీద గబగబా ఏదో రాయసాగింది, అట్ట అన్న మాట వరకే చదివాను. నేను చీటీ తీసుకోకుండానే వచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

దొరకి కుట్లు మానుతున్నాయి. నిన్న మొదటిసారి నాలుగో కాలు నేల మీద ఆనించాడు. ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత అనుమానంగా ఒక చిన్న తాకిడి. నేను పని ఆపి నేల మీదే కూర్చుండిపోయాను. ఆ కాలు మళ్ళీ వస్తోంది అక్కా. వచ్చేదాన్ని తీసేయమని ఎలా చెప్పను?

నీకో మాట రాస్తాను, కోపం తెచ్చుకోకు. పదకొండు ఎక్కడ, పదిహేను ఎక్కడ? మధ్యలో నాలుగు గీతలు. నీ స్కేలు ఒక వెంట్రుకవాసి అటు జరిగితే ఎవరికి తెలుస్తుంది? ఆ సంఖ్య రాసేది నీ చెయ్యే కదా. నా దొరకి పదకొండేళ్ళు. వాడికి మిగిలిన కాలం ఎంతని? ఆ కాస్తా నాలుగు కాళ్ళ మీద గడపనీ.

కల వచ్చింది. మీ ల్యాబు గదిలో గోడలన్నీ స్కేళ్ళే. దొర ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తున్నాడు. ప్రతి అడుక్కీ గది కాస్త ఇరుకవుతోంది. నువ్వు కళ్ళజోడు తుడుచుకుంటూ "కదలకురా, కొలవాలి" అంటున్నావు.

తమ్ముడు


ఏప్రిల్ 24

నీకు,

నీ ఉత్తరం మడిచి సొరుగులో పెట్టాను. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టాను.

నా చేత్తో అబద్ధం రాయమంటున్నావు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట నన్నడిగినవాళ్ళు ముగ్గురు. నువ్వు నాలుగోవాడివి, పైగా నా ఒళ్ళో పెరిగినవాడివి. నేను పదిహేను అని రాస్తే దొర తొడలో మిగిలింది ఆ సంఖ్య చదువుకుని పెరగడం మానేస్తుందా? ఆర్నెల్ల తర్వాత అది పొట్టలోకి పాకితే అప్పుడు ఎవరిని అడుగుతావు? నన్నే. అప్పుడు నేను నీకేం రాయాలి?

మూడు కాళ్ళ కుక్కలు శుభ్రంగా పరిగెడతాయి. మా వీధి చివర గడియారాల కొట్టులో ఒకటుంది, సైకిళ్ళ వెంట పడుతుంది. ప్రాణం కన్నా కాలు ఎక్కువా? రోజు ఖాయం చేసుకుని నాకు రాయి. సెలవు పెట్టి వస్తాను.

నాకేం సంతోషంగా ఉందనుకుంటున్నావా?

అక్క


ఏప్రిల్ 28

అక్కకి,

మే 9, పొద్దున పది గంటలకి. ఖాయం చేశాను. నువ్వు రానక్కర్లేదు.

నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. సరే అని ఊరుకున్నాను. ఇప్పుడు నా కుక్కకి కూడా మూడే కాళ్ళంటే ఎలా అక్కా?

జారకుండా నేలంతా గోనెపట్టాలు పరిచి మేకులు కొట్టాను. దాంతో వాడి అడుగులే తెలియడం లేదు నాకు. వాడు ఇంట్లో ఉన్నాడో లేడో చూసుకోవడానికి మాటిమాటికీ వెనక్కి తిరుగుతున్నాను.

నువ్వెప్పుడూ వాణ్ణి "మీ కుక్క" అనే అన్నావు. ఈ ఉత్తరాల్లోనే మొదటిసారి "దొర" అని రాశావు, కాలు తీయమని చెప్పడానికి.

తమ్ముడు


మే 1

ఒరేయ్ చిన్నోడా,

ఇది మామూలు పోస్టులో వేయడం లేదు. మీ వైపు వచ్చే మా వ్యాను డ్రైవరు చేతికి ఇస్తున్నాను. చదివి, జవాబు వెంటనే అతని చేతికే ఇవ్వు. మిగతా తగువులన్నీ తర్వాత పడదాం.

నీ చివరి వాక్యం చదివాక పనిలో మనసు నిలవలేదు. దొర సీసా మళ్ళీ తీశాను. ఎందుకు తీశానో చెప్పలేను, కాసేపు వాడి దగ్గర కూర్చుందామనిపించింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ముక్కని ఆ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అంచు దగ్గర చుక్కంత వెలుగు కనిపించింది. బెజ్జం. పక్కన ఇంకోటి. చుట్టూ తిప్పి చూస్తే ఎనిమిది. కుట్లవి కాదు, కుట్లకి దారం గుర్తు ఉంటుంది. ఇవి సూదులు గుచ్చి తీసినవి.

ఇలాంటివి నేను ఒకటి రెండుసార్లే చూశాను, పెద్ద ఆస్పత్రుల నుంచి వచ్చినవాటిలో. కోసిన ముక్క ముడుచుకోకుండా దాన్ని అట్ట మీద పరిచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి, అట్టతో సహా మందునీళ్ళలో వేస్తారు. కానీ నాకు వచ్చిన సీసాలో అట్టా లేదు, సూదులూ లేవు. మీ డాక్టరమ్మ అట్ట గురించి ఏదో అందని నువ్వే రాశావు. నేను కోపంలో ఆ వాక్యం మీదుగా దాటిపోయాను.

ఆ సీసా ఆవిడ చేతి నుంచి నీ చేతికి వచ్చింది. నీ చేతి నుంచి పోస్టాఫీసుకి. మధ్యలో ఏం జరిగింది? నిజం చెప్పు. తిట్టను.

అక్క


మే 2

అక్కా,

డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, దొర అతని చెప్పులు వాసన చూస్తున్నాడు. గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువు.

నేనే తీశాను.

ఆ రోజు సీసా పట్టుకుని దుకాణానికి వచ్చాను. మత్తు దిగేదాకా దొరని ఆస్పత్రిలోనే ఉంచారు, ఇల్లంతా బోసిగా ఉంది. సీసాని కిటికీ దగ్గర పెట్టి చూశాను. అట్ట మీద వాడి తొడ ముక్క, బొచ్చు గొరిగిన చర్మం, మీద వాడి నల్లమచ్చ సగం. నేను రోజూ నిమిరే మచ్చ అది. చుట్టూ ఎనిమిది గుండుసూదులు. చూడలేకపోయానక్కా. అదింక వాడిది కాదు, నొప్పి తెలీదు, అంతా తెలుసు. అయినా అన్ని సూదులు గుచ్చి పరాయి ఊరికి పంపడానికి మనసు ఒప్పలేదు. మూత తీశాను. ఘాటుకి కళ్ళు మండాయి. ఒక్కో సూదీ మెల్లగా తీశాను. ముక్క కాసేపటికి కదిలింది. అంచులు లోపలికి తిప్పుకుని చిన్నగా అయింది. చలికి దొర కూడా అలాగే పడుకుంటాడు. హాయిగా సర్దుకుందనుకున్నాను. అట్ట పక్కన పెట్టి మూత బిగించి పోస్టు చేశాను.

నలభై ఏళ్ళుగా తోలు బిగించి బతుకుతున్నవాణ్ణి. మేకు పీకితే తోలు ముడుచుకుపోతుందని, ఆరేదాకా ముట్టుకోవద్దని, దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్తాను. నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు. నువ్వు పదకొండు అని రాసినప్పుడు కూడా ఆ సూదులు నాకు గుర్తు రాలేదంటే నమ్ము. డాక్టరమ్మ అట్ట అన్నప్పుడు మాత్రం లోపల ఏదో చురుక్కుమంది. దాన్ని అరిచి అణిచేశాను. ఆ పిల్లని అందరి ముందూ మాటలన్నాను. నిన్ను అబద్ధం రాయమన్నాను. తప్పంతా నా చేతిలో పెట్టుకుని ఊరందరి చేతులూ తిట్టాను.

అట్ట పారేయలేదు. దాని మీద వాడి ముక్క చుట్టూ ఆవిడ పెన్సిలుతో గీసిన గీత ఉంది. వాడి నీడలా ఉందని సొరుగులో దాచుకున్నాను. దీంతో పంపుతున్నాను. పనికొస్తుందా?

నీ తమ్ముడు


మే 6

చిన్నోడా,

ముందు అసలు సంగతి. మే 9 లేదు. నేనే మీ డాక్టరమ్మకి ఫోను చేశాను. దొర కాలు దొరకే ఉంటుంది.

ఇంక కూర్చుని చదువు. నీ అట్ట గళ్ళ కాగితం అంటించిన అట్ట. సెంటీమీటరు గళ్ళు. ఆ పిల్ల ముక్క అంచు వెంట గీత గీసి, లోపల గడ్డ చుట్టూ ఇంకో గీత గీసి, మధ్యలో ఎంతుందో నాలుగు వైపులా రాసింది. అన్నిటికన్నా సన్నటి చోట పంతొమ్మిది. అంత చక్కటి పని మా దగ్గరికి వచ్చేవాటిలో నూటికి ఒకటి ఉంటే గొప్ప. నేను దాన్ని పిసినారి చెయ్యి అన్నాను. ఫోనులో క్షమించమని అడిగితే, "మీ తమ్ముడుగారికి కాస్త మెల్లగా అరవమని చెప్పండి మేడమ్, అంతే" అంది.

ముక్కని తీసి ఆ గీతల మధ్య పెట్టాను. నాన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉంది. ఎనిమిది బెజ్జాలకీ అట్ట మీద ఎనిమిది బెజ్జాలు ఉన్నాయి, ఒక్కోటీ ఎంత దూరం లోపలికి వచ్చిందో కొలిచాను. విచిత్రం ఏంటంటే గడ్డ దాదాపు అంతే ఉంది. ముడుచుకున్నదంతా చుట్టూ ఉన్న మంచి చోటే. మా పెద్ద డాక్టరు అట్ట చూసి, అద్దాల కింద అంచులు మళ్ళీ పరీక్షించారు. అంచులో చెడ్డ కణం ఒక్కటి కూడా లేదు. "చాలదు" కొట్టేసి "సరిపోయింది" అని రాసి సంతకం పెట్టారు. తిరిగి రాదని ఎవరూ రాసివ్వలేరు, నేనూ రాయను. నెలకోసారి తొడ తడిమించాలి. అది మాత్రం మానకు.

తిట్టనన్నాను, తిట్టను. తిట్టే అర్హత నాకూ లేదు. మందునీళ్ళలో మాంసం కాస్త బిగుస్తుందని తెలిసి, ఏదో కొంచెం కలుపుకుని చూస్తాం. కానీ ఒంటి నుంచి విడిన నిమిషంలోనే, ఏ నీళ్ళూ తగలకముందే చర్మం ఇంత వెనక్కి పోతుందని నాకు చేతికి తెలిసింది ఇప్పుడే. బల్ల మీదకి వచ్చింది ఎంతుంటే అంత రాశాను. నా కొలత ఎప్పుడూ తప్పలేదు. కొలిచింది మాత్రం కుక్క ఒంటి మీద ఉన్నది కాదు.

నిన్న మధ్యాహ్నం బల్ల మీదే తల వాల్చాను. కలలో సీసాల గది. అరల్లోంచి కుక్కలు ఒక్కొక్కటే దిగి వస్తున్నాయి. చప్పుడు లేదు, మంచులో నడుస్తున్నట్టు నెమ్మదిగా వస్తున్నాయి. అన్నీ మూడు కాళ్ళవే. నా ముందు ఆగి, మొహంలోకి చూసి, తోక ఊపి వెళ్ళిపోతున్నాయి. ఒక్కటైనా కరవలేదురా. అదే భరించలేకపోయాను. వాటిలో ఎన్నిటికి నిజంగా కాలు తీయాల్సి వచ్చిందో, ఎన్నిటికి నా స్కేలు తీసిందో. లేచేసరికి బల్ల తడిసి ఉంది. ఈ మాట బావకి కూడా చెప్పలేదు.

ఇవాళ్టి నుంచి సీసా తెరవగానే మొదట ఒక ప్రశ్న రాసి పంపుతున్నాను, కోసినప్పుడు ఎంత వదిలారని. జవాబు వచ్చేదాకా సంఖ్య రాయను. నీ అట్ట నా కిటికీ పక్కన గోడకి ఉంది. తిరిగి ఇవ్వను, అడగకు.

గోనెపట్టాలు పీకేయి.

అక్క


సెప్టెంబరు 21

అక్కకి,

అయిదోసారి తడిమింది డాక్టరమ్మ. ఏమీ లేదు. ఈసారి పెద్ద అక్షరాలతో రాసి చూపించింది, కాగితం పట్టలేదు. నేను పోయిన నెల ఆవిడకి చిన్న డోలు ఒకటి చేసిచ్చాను, చేతికి పట్టేంత. ఆస్పత్రి బల్ల మీద పెట్టుకుంది. నేను గొంతు పెంచితే దాని మీద ఒక్కటి వేస్తుంది, నా మోచేతికి బల్ల అదురు తెలుస్తుంది, వెంటనే తగ్గిస్తాను. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

దొర మొహం తెల్లబడింది. ఎక్కువసేపు గుమ్మంలో ఎండకి పడుకుంటున్నాడు. ముసలితనం, అంతకంటే ఏం లేదు. ఏదో ఒక రోజు పోతాడు, అది నాకు తెలుసు. ఆ రోజు నువ్వు రావాలి. సెలవు పెట్టి.

ఒక్క మాట అడుగుతాను. నీ కలలోకి ఆ కుక్కలు ఇంకా వస్తున్నాయా? వస్తే ఇది చదువు. నిన్న మధ్యాహ్నం కుర్చీ దిగి, నేల మీద రెండు అరచేతులూ పరిచి, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కలో మెలకువో తెలీనట్టుగా ఉంది. దొర గుమ్మంలో లేచాడు. ఒళ్ళు విదిలించుకున్నాడు, చెక్కలన్నీ సన్నగా అదిరాయి. నా వైపు బయలుదేరాడు. ఒకటి. రెండు. మూడు.

నాలుగోది వెంటనే రాదు. తొడ కుట్ల దగ్గర కాస్త పట్టేస్తుంది వాడికి. ఆ కాస్త వ్యవధిలో ప్రతిసారీ నా ఊపిరి ఆగిపోతుంది, ఆ సూదులు తీసిన చేతులే కదా ఇవి అని గుర్తొస్తుంది.

తర్వాత అది కూడా వస్తుంది. మెత్తగా, ఆలస్యంగా, నా అరచేతి కింద.

నీ తమ్ముడు